గేరు బాక్సు అవుట్‌పుట్ షాఫ్టు లూజు, ఆయిల్ సీలు లీకు: విశాఖ బండ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

గేరు బాక్సు వెనక ఆయిల్ కారుతోందంటే చాలామంది ముందు అడిగేది సీలు ధర. అంతకన్నా ముందు అవుట్‌పుట్ షాఫ్టు, అంటే గేరు బాక్సు వెనక నుంచి బయటికొచ్చే తిరిగే కడ్డీ, ఊగుతోందో లేదో చూడాలి. సీలంటే ఒక రబ్బరు పెదవి, దాని వెనక సన్నటి స్ప్రింగు, అంతే. షాఫ్టును స్థిరంగా పట్టి ఉంచేవి బేరింగు, బుష్ (లోహపు గొట్టం లాంటి ఆధారం), నట్టు. వీటిలో ఒకటి వదులైతే ఎంత మంచి సీలు వేసినా నిలవదు.

కింది జవాబులు ముఖ్యంగా ప్రొపెల్లర్ షాఫ్టుతో (గేరు బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే పొడవాటి గొట్టం) వెనక చక్రాలు తిరిగే జీపులు, వ్యాన్లు, సరుకు బండ్ల గురించి. ముందు చక్రాల కార్లు, బైకుల సంగతి చివర్లో ఉంది.

కారుతున్నది గేరు ఆయిలేనని ఎలా తెలుస్తుంది?

వాసన చూడండి. గేరు ఆయిల్‌లో గంధకం కలిసిన మందులు ఉంటాయి కాబట్టి ముక్కుకు ఘాటుగా తగులుతుంది, వేళ్ల మధ్య జిగటగా సాగుతుంది. ఇంజిన్ ఆయిల్, ముఖ్యంగా డీజిల్ బండిలో, నల్లగా ఉంటుంది. ఎర్రగా పలచగా ఉంటే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). అది ఆటోమేటిక్ గేరు బాక్సుది గానీ పవర్ స్టీరింగుది గానీ కావచ్చు. కొన్ని మాన్యువల్ గేరు బాక్సుల్లోనూ ఏటీఎఫ్ పోస్తారు, కాబట్టి మీ బండి పుస్తకం ఒకసారి చూసుకోండి.

ఎక్కడి నుంచి కారుతోందో ఖాయం చేసుకోవడం ఎలా?

బండి నడుస్తుంటే గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. గేరు బాక్సు పైమూత ప్యాకింగు నుంచి, స్పీడోమీటర్ సెన్సర్ ఓ-రింగు నుంచి, రివర్సు స్విచ్చి నుంచి, చివరికి ఇంజిన్ వెనక సీలు నుంచి కారినా అంతా గేరు బాక్సు వెనక కొస, అంటే తోక దగ్గరకే చేరుతుంది. తడి కనపడగానే సీలు మీద నేరం మోపొద్దు.

గేరు బాక్సు తోక మొత్తాన్ని డీజిల్‌తో కడిగి, బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డతో పూర్తిగా ఆరబెట్టండి. సీలు చుట్టూ, పైన సెన్సర్ చుట్టూ, ప్యాకింగు అంచుల మీద టాల్కం పౌడర్ పలచగా చల్లండి. గేరు బాక్సు వేడెక్కేలా 15–20 కి.మీ. నడిపి, ఆపిన వెంటనే టార్చి వేసి చూడండి. ఆయిల్ ఎక్కడ మొదలైందో పౌడర్ మీద చార కనిపిస్తుంది. పై నుంచి దిగితే సెన్సరో ప్యాకింగో. సీలు చుట్టూ గుండ్రంగా తడిస్తే, పైన బండి అడుగున అడ్డంగా ఉంగరంలా ఆయిల్ చిమ్మిన గీత ఉంటే సీలే. నట్టు మధ్యలో నుంచి, స్ప్లైన్ల (షాఫ్టు మీది పొడవాటి పళ్లు) గుండా కారుతుంటే సీలు బాగానే ఉందని అర్థం. నట్టు కిందే పని ఉంది.

మా బండిది ఏ రకం అవుట్‌పుటో ఎలా తెలుసుకోవాలి?

బండి కిందకు వెళ్లి ప్రొపెల్లర్ షాఫ్టు ముందు చివర చూడండి. నున్నటి గొట్టంలాంటి యోక్ నేరుగా గేరు బాక్సులోకి దూరి, బోల్టులు ఏవీ లేకపోతే అది స్లిప్ యోక్ రకం. యోక్ బరువును మోసేది తోక హౌసింగులోని బుష్, ఆయిల్ ఆపేది దాని వెనకే ఉన్న సీలు. నాలుగు బోల్టులతో ఫ్లాంజి (గుండ్రటి బిళ్ల) బిగించి ఉంటే అది ఫ్లాంజి రకం: ఫ్లాంజి షాఫ్టు స్ప్లైన్ల మీద కూర్చుంటుంది, మధ్యలో పెద్ద నట్టు దాన్ని పట్టి ఉంచుతుంది, లోపల బేరింగు ఉంటుంది.

షాఫ్టు కొంచెం ఊగడం మామూలేగా? ఎంత ఊగితే తప్పు?

మూడు రకాల ఊగుడును వేరుచేసి చూడాలి.

చేత్తో అటూ ఇటూ తిప్పితే కొన్ని డిగ్రీలు తిరగడం సహజం. గేర్ల పళ్ల మధ్య ఖాళీ అది. దాన్ని చూసి బేరింగు పోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు.

పైకీ కిందకీ ఊగడమే సీలును చంపేది. తోక హౌసింగు మీద అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్ (సన్నటి కదలికను కొలిచే పరికరం) పెట్టి, దాని ముల్లు సీలుకు ఆనుకుని ఉన్న చోట యోక్ మీద తగిలించి, చేత్తో యోక్‌ను పైకెత్తి వదలండి. మామూలు పెదవి సీలు 0.2–0.3 మి.మీ. ఊగుడు దాటితే తట్టుకోవడం కష్టం, వేగం పెరిగేకొద్దీ ఆ ఓర్పు ఇంకా తగ్గుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు, క్రౌన్ (వెనక ఇరుసు గేరు) నిష్పత్తి 4 ఉన్న బండి 80 కి.మీ. వేగంతో వెళ్తుంటే షాఫ్టు నిమిషానికి సుమారు 2,500 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 40 సార్లకు పైగా ఆ పెదవిని ఒకవైపు నొక్కి, రెండోవైపు వదిలేస్తుంది. వదిలిన ప్రతిసారీ కాస్త ఆయిల్ బయటికి వస్తుంది.

ముందుకీ వెనక్కీ కదలడం మూడోది. ఫ్లాంజి రకంలో ఫ్లాంజి పట్టుకుని లాగితే 'టక్' అని చప్పుడొస్తే ముందు నట్టు చూడండి. నట్టు గట్టిగా ఉండి కూడా షాఫ్టుతో సహా కదిలితే బేరింగో, దాన్ని పట్టే సర్‌క్లిప్పో అరిగింది. ఎంత కదలొచ్చో ప్రతి గేరు బాక్సుకూ మాన్యువల్లో వేరే అంకె ఉంటుంది. స్లిప్ యోక్ ముందుకీ వెనక్కీ జారడం మాత్రం తప్పు కాదు, అది జారడానికే ఉంది.

డయల్ గేజ్ లేకపోతే వేలు సగం సీలు అంచు మీద, సగం యోక్ మీద ఆనేలా పెట్టి యోక్‌ను ఊపించండి. కదలిక వేలికి స్పష్టంగా తెలిసిందంటే అది ఇప్పటికే ఎక్కువ.

బండి నడుపుతుంటే లూజు ఎలా బయటపడుతుంది?

క్లచ్ వదలగానే 'టంగ్' మనడం, 50–70 కి.మీ. మధ్య నేల వణకడం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు తనంతట తానే ఊడిపోవడం. వణుకు, టంగ్ శబ్దం క్రాస్ (ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటులోని ముక్క) అరిగినా వస్తాయి, ఆ షాఫ్టును మధ్యలో మోసే సెంటర్ బేరింగు రబ్బరు చిరిగినా వస్తాయి. కాబట్టి వాటిని ముందు చూసి పక్కన పెట్టాలి.

కూతలాంటి శబ్దమైతే ఇలా విడగొట్టండి. బండి నిలిపి, న్యూట్రల్‌లో, క్లచ్ మీద కాలు తీసేసి వినండి. అప్పుడు శబ్దం వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ వైపు, లేదా లే షాఫ్టు (గేరు బాక్సు లోపల గేర్లను తిప్పే పక్క షాఫ్టు). నిలిచిన బండిలో అవుట్‌పుట్ షాఫ్టు తిరగదు కాబట్టి అది నిర్దోషి. ఇక ఖాళీ రోడ్డు మీద, చదునైన చోట, 50 దగ్గర న్యూట్రల్ చేసి బండిని పారనివ్వండి. కూత అలాగే కొనసాగితే అవుట్‌పుట్ బేరింగు గానీ, ప్రొపెల్లర్ షాఫ్టు గానీ, క్రౌన్ గానీ. ఐదు గేర్ల మామూలు జీపులో నాలుగో గేరు డైరెక్టు, అంటే లే షాఫ్టు మీద బలం పడకుండా నేరుగా వెళ్తుంది. మిగతా గేర్లలో వచ్చే శబ్దం నాలుగులో బాగా తగ్గిపోతే లే షాఫ్టు బేరింగులే. అన్ని గేర్లలోనూ ఒకేలా ఉంటే వెనక బేరింగును అనుమానించండి. న్యూట్రల్ పరీక్ష ఘాటీలో మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

మొన్ననే సీలు మార్పించాం, నెల తిరక్కుండా మళ్లీ కారుతోంది. సీలు నకిలీదా?

నకిలీ సీళ్లు ఉన్నమాట నిజమే గానీ, మళ్లీ కారడానికి చాలాసార్లు కారణం అది కాదు. ఈ వరుసలో వెతకండి.

మొదట బ్రీదర్. గేరు బాక్సు పైన చిన్న టోపీలాంటి గొట్టం ఉంటుంది. బురద పట్టి అది మూసుకుపోతే, ఆయిల్ వేడెక్కినప్పుడు లోపల గాలి ఉబ్బి సీలు పెదవిని తోసుకుని బయటికొస్తుంది. విప్పి డీజిల్‌లో కడిగి, ఊదితే గాలి ఆడాలి. ఐదు నిమిషాల పని, ఎవరూ చేయరు. కొత్త సీలు వేసే ప్రతిసారీ ఇది తప్పనిసరి.

రెండోది ఆయిల్ ఎక్కువ పోయడం. ముక్కు పైకెత్తిన బండిలో నింపితే మట్టం తప్పుతుంది.

మూడోది యోక్ మీద గాడి. పాత సీలు పెదవి, దానికి అంటుకున్న దుమ్ము కలిసి ఉక్కును కూడా కోస్తాయి. గోరుతో అడ్డంగా గీస్తే గోరు ఆగిందంటే కొత్త సీలు అక్కడ కూర్చోలేదు.

నాలుగోది, పైన చెప్పిన ఊగుడు. బుష్ వదిలేసి సీలు ఒక్కటే మార్చడం మన దగ్గర మామూలైపోయింది. డబ్బు రెండుసార్లు దండగ.

ఐదోది బిగించే తీరు. సుత్తితో ఒక పక్క కొడితే సీలు వంకరగా దిగుతుంది. స్ప్లైన్ల పదును పెదవిని చీరుతుంది. కొట్టేటప్పుడు లోపలి స్ప్రింగు ఊడి పడిపోతుంది.

ఆఖరిది, షాఫ్టు ఊగడానికి బయటి కారణం: ఎండిపోయిన క్రాస్, బ్యాలెన్సు ముక్క ఊడిన ప్రొపెల్లర్ షాఫ్టు, చిరిగిన గేరు బాక్సు మౌంటింగు. అధిక లోడు కోసం స్ప్రింగుల్లో అదనపు పట్టీలు వేయించిన బండిలో జాయింటు కోణం మారి, ఖాళీగా తిరిగేటప్పుడు వణుకు ఎక్కువవుతుంది. ఆ దెబ్బంతా బుష్, బేరింగు తింటాయి.

విశాఖలో ఈ లీకులు ప్రత్యేకంగా ఎందుకు వస్తాయి?

సముద్రపు గాలి ఒక కారణం. బీచ్ రోడ్డు, భీమిలి వైపు వారాల తరబడి కదలకుండా నిలిపిన బండిలో, సీలు పెదవికి బయట ఉన్న యోక్ భాగం తుప్పు పట్టి గరుకు తేలుతుంది. లోడు ఎక్కగానే యోక్ లోపలికి జారుతుంది, ఆ గరుకు పెదవి మీద ఆకురాయిలా నడుస్తుంది. నిలిపి ఉంచిన బండి తీసిన వారానికే లీకు మొదలైతే చూడాల్సింది ఇదే. సీలు బయట యోక్ మీద పలచగా గ్రీజు పూసి ఉంచితే చాలావరకు తప్పుతుంది.

పోర్టు, స్టీల్ ప్లాంట్ వైపు తిరిగే లారీలకు బొగ్గు పొడి, ఇనుప ఖనిజం దుమ్ము శత్రువు. తడిసిన సీలు అంచుకు ఆ దుమ్ము అంటి ముద్దవుతుంది. వీటికి బయటి వైపు రెండో పెదవి ఉన్న సీలే వేయాలి.

అనంతగిరి, పాడేరు ఘాట్ల దిగుడు మూడోది. రెండో గేరులో ఇంజిన్ బ్రేకు మీద దిగడం సరైన పద్ధతే, అందులో మార్పు లేదు. కానీ వాలు పళ్ల గేర్లలో, లాగేటప్పుడు షాఫ్టు మీద పడే తోపు దిగేటప్పుడు ఎదురు దిక్కుకు తిరుగుతుంది. ముందూ వెనకా కదలిక ఉన్న షాఫ్టు ప్రతి మలుపులో అటొకసారి ఇటొకసారి గుద్దుకుంటుంది. అందుకే ఊళ్లో తెలియని లూజు అరకు వెళ్లొచ్చాక తెలుస్తుంది.

వానాకాలం నిలిచిన నీళ్లలో దిగితే, వేడి గేరు బాక్సు ఒక్కసారి చల్లబడి బ్రీదర్ గుండా, అరిగిన సీలు గుండా నీళ్లు లోపలికి పీలుస్తుంది. డ్రెయిన్ ప్లగ్గు తీస్తే ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో వస్తే అదంతా పారబోయాల్సిందే.

సీలు కొనేటప్పుడు ఏం చూడాలి?

పాత సీలు తీసుకెళ్లండి. దాని ముఖం మీద 40×55×8 లాంటి అంకెలుంటాయి: షాఫ్టు వ్యాసం, హౌసింగు రంధ్రం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. అంకెలు చెరిగిపోతే వెర్నియర్‌తో షాఫ్టును, హౌసింగును కొలవండి. పాత సీలు పెదవిని కొలిస్తే తప్పు వస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో కొలతను బట్టి సీలు దొరుకుతుంది గానీ కొలత కలిస్తే చాలదు. పెదవి దగ్గర వాలు గీతలు, బాణం గుర్తు ఉంటే అది ఒక దిక్కుకే తిరిగే సీలు. బాణం బండి ముందుకు వెళ్లేటప్పుడు షాఫ్టు తిరిగే దిక్కుకు ఉండాలి. రబ్బరు సంగతి: నైట్రైల్ సుమారు 100 డిగ్రీల వరకు, వైటాన్ 200 వరకు ఓర్చుకుంటాయి. ఘాటీ లోడ్ల బండికి వైటాన్ దొరికితే ఆ తేడా డబ్బు పెట్టండి. అరలో ఏళ్ల తరబడి పడి ఉన్న సీలు పెదవి గట్టిపడుతుంది. వేలితో వంచితే మెత్తగా వంగి వెంటనే తిరిగి రావాలి.

ఫ్లాంజి రకంలో సీలు మార్చే పద్ధతి ఏమిటి?

బండి చదునైన చోట నిలిపి, చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టి, స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీదున్న బండి కిందకు దూరొద్దు. ఆయిల్ దించండి. ప్రొపెల్లర్ షాఫ్టు, ఫ్లాంజి రెండింటి మీదుగా పెయింటుతో ఒక గీత గీయండి; తిరిగి అదే గీత కలిపి బిగించకపోతే బ్యాలెన్సు తప్పుతుంది. బోల్టులు విప్పి షాఫ్టును వైరుతో ఛాసిస్‌కు కట్టండి, వేలాడనిస్తే రెండో వైపు క్రాస్ దెబ్బతింటుంది.

నట్టు అంచు షాఫ్టు గాడిలోకి కొట్టి ఉంటే ముందు దాన్ని ఉలితో ఎత్తండి. ఫ్లాంజి తిరగకుండా రెండు బోల్టు రంధ్రాలకు పొడవాటి ఇనుప పట్టీ బిగించి పట్టుకోండి. గేరులో పెట్టి ఆ బలమంతా పళ్ల మీద వేయడం మంచిది కాదు. ఫ్లాంజి రాకపోతే పుల్లర్ వాడండి. సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా బేరింగుకు వెళ్తుంది.

పాత సీలు తీసే ముందు అది ఎంత లోతులో ఉందో కొలిచి రాసుకోండి. స్క్రూడ్రైవర్‌తో తీసేటప్పుడు హౌసింగు గోడ గీసుకుపోతే కొత్త సీలు బయటి అంచు నుంచే కారుతుంది. ఇప్పుడు ఫ్లాంజి లేకుండా షాఫ్టును పట్టుకుని మళ్లీ ఊపి చూడండి. బేరింగు సంగతి తేలేది ఈ క్షణంలోనే.

కొత్త సీలు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు. పెదవికి గేరు ఆయిల్ రాయండి, రెండు పెదవులుంటే మధ్యలో సగానికి గ్రీజు నింపండి. బయటి అంచు రబ్బరుదైతే కాస్త ఆయిల్ చాలు. ఉట్టి రేకైతే అనాబాండ్ (సీలెంటు బంక) పలచగా. పెదవికి ఏ బంకా తగలకూడదు. సీలు బయటి అంచుకు సరిపోయే గొట్టం ముక్క పెట్టి, చుట్టూ సమంగా దిగేలా కొట్టండి. ఫ్లాంజి స్ప్లైన్ల లోపల, నట్టు ఆనే ముఖం మీద సీలెంటు పలచగా రాస్తే స్ప్లైన్ల గుండా కారదు.

నట్టు పాతదే వాడొచ్చా? ఎంత బిగించాలి?

అంచు కొట్టి లాకు చేసేది, నైలాన్ రింగు ఉన్నది, రెండూ ఒక్కసారికే. కొత్తది వేయండి. టార్కు (బిగించే బలం) మీ గేరు బాక్సు మాన్యువల్లో ఉన్నదే. గొట్టం తొడిగిన పానాతో చూపు మీద బిగించడం ఈ నట్టుకు పనికిరాదు. తక్కువైతే ఫ్లాంజి స్ప్లైన్లను నమిలేస్తుంది, ఎక్కువైతే కొన్ని రకాల్లో బేరింగు మీద భారం పడుతుంది. నట్టును షాఫ్టుకు వెల్డింగు పెట్టించడం చూస్తుంటాం. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ వేడికి సీలు మాడుతుంది, కరెంటు బేరింగు గుండ్ల గుండా పోయి వాటి మీద మచ్చలు పెడుతుంది, రేపు విప్పాలంటే షాఫ్టే కోయాలి.

ఇంకో జాగ్రత్త: వెనక క్రౌన్ పినియన్ నట్టు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. చాలా బండ్లలో దాని కింద నలిగే స్లీవు ఉంటుంది, దాని బిగింపు లెక్క పూర్తిగా వేరు. ఇక్కడి పద్ధతి అక్కడ వాడొద్దు.

స్లిప్ యోక్ రకంలో తేడా ఏమిటి?

నట్టు పని లేదు. వెనక చివర బోల్టులు విప్పి షాఫ్టును వెనక్కి లాగితే యోక్ బయటికొస్తుంది, దాంతో పాటు ఆయిలూ వస్తుంది. కింద పళ్లెం పెట్టండి. బుష్ లోపల చూడండి. కొత్త బుష్ ముఖం చుట్టూ ఒకే రంగులో ఉంటుంది. ఒక పక్క రాగి రంగు తేలినా, పొర లేచినా మార్చాలి. చాలా హౌసింగుల్లో సీలు తీశాక పుల్లర్‌తో బుష్ అక్కడికక్కడే వస్తుంది, కొన్నింటిలో హౌసింగు దించాలి. బుష్‌లో ఆయిల్ గాడి లేదా రంధ్రం ఉంటే హౌసింగు రంధ్రానికి సరిగ్గా ఎదురుగా రావాలి. తప్పితే బుష్ ఎండి కొద్ది రోజుల్లోనే పట్టేస్తుంది.

యోక్ మీద గాడి పడింది. లేత్‌లో పాలిష్ పట్టిస్తే సరిపోదా?

గోరుకు తగలని మచ్చలకు సన్నటి ఎమరీ చాలు. షాఫ్టు తిరిగే దిక్కులోనే రుద్దాలి, పొడవునా రుద్దితే ఆ గీతలే ఆయిల్‌కు దారి. గాడి లోతుగా ఉంటే లేత్‌లో తగ్గించడం తప్పు, వ్యాసం తగ్గితే సీలు పట్టు పోతుంది. రెండు దారులున్నాయి: సుమారు 0.28 మి.మీ. మందం ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు మరమ్మతు స్లీవు తొడగడం, లేదా హౌసింగులో చోటు ఉంటే సీలును 1–2 మి.మీ. పక్కకు కూర్చోబెట్టి పెదవి కొత్త చోట తిరిగేలా చేయడం. స్లిప్ యోక్‌లో గాడి అరుదు, పొడవు గీతలే ఎక్కువ. అది బుష్ మీద కూడా నడుస్తుంది కాబట్టి అక్కడ స్లీవు కుదరదు, యోక్ మార్చడమే.

బేరింగు పోతే గేరు బాక్సు దింపాలా?

చాలా బండ్లలో దింపాలి. తోక హౌసింగు విప్పితే చాలు అన్నవాళ్లను మీ మోడల్‌కు అది వర్తిస్తుందా అని అడగండి. దింపిన ఖర్చు ఎలాగూ అవుతుంది కాబట్టి ఇన్‌పుట్ సీలు, క్లచ్ రిలీజు బేరింగు అప్పుడే చూసుకోవాలి. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు ముద్ద ఉండటం మామూలే. చేతికి గుచ్చుకునే రవ్వలుంటే గేర్లు కూడా విప్పి చూడాలి.

ఏ ఆయిల్, ఎంత?

పుస్తకంలో ఉన్నదే. మాన్యువల్ గేరు బాక్సుకు జీఎల్-4 (గేరు ఆయిల్ గ్రేడు) అడిగితే జీఎల్-5 ఎక్కువ రకమని పోయొద్దు; అందులోని మందులు ఇత్తడి సింక్రో రింగులను తినేసే ప్రమాదం ఉంది. మట్టం: చదునైన చోట, పక్కన ఉన్న ఫిల్లర్ రంధ్రం కింది అంచు దాకా, పొర్లడం ఆగేవరకు.

లీకు ఆపే మందులు పనిచేస్తాయా?

గట్టిపడిన రబ్బరును అవి కాస్త ఉబ్బిస్తాయి, కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది. చిరిగిన పెదవికి, ఊగే షాఫ్టుకు చేసేదేమీ లేదు.

ఫోర్ వీల్ జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి కారుతోంది. అక్కడి సీలు మారిస్తే చాలా?

ట్రాన్స్‌ఫర్ కేసంటే గేరు బాక్సు వెనక ఉండి ముందు, వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె. ముందు గేరు బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు రెండింటి ఆయిల్ మట్టాలూ చూడండి. గేరు బాక్సులో తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేసులో పొంగుతుంటే ఆ రెండింటి మధ్య సీలు పోయింది. బయటి సీలు ఎన్నిసార్లు మార్చినా లోపల నుంచి ఆయిల్ వచ్చి చేరుతూనే ఉంటుంది.

ముందు చక్రాల కారులో?

డ్రైవ్ షాఫ్టు గేరు బాక్సులోకి దూరే చోట సైడ్ సీళ్లుంటాయి. షాఫ్టు చివరి జాయింటులో కొంచెం కదలిక సహజం. తీసేటప్పుడు స్ప్లైన్లు సీలును చీరకుండా చూడాలి, తిరిగి పెట్టేటప్పుడు చివరి క్లిప్పు కొత్తది వేసి, కూర్చున్నాక లాగి చూడాలి.

బైకు ముందు స్ప్రాకెట్ వెనక నుంచి ఆయిల్ వస్తోంది. అదీ ఇదేనా?

అదే. అక్కడ అవుట్‌పుట్ షాఫ్టును పాడుచేసేది ఎక్కువగా బిగుసుకున్న చైను. షాఫ్టును నిత్యం వెనక్కి లాగి బేరింగును అరగదీస్తుంది. చాలా మామూలు బైకులకు చైను మధ్యలో 25–35 మి.మీ. ఆడాలి, మీ మోడల్ అంకె స్టిక్కరు మీద ఉంటుంది. సీలు మార్చేటప్పుడు షాఫ్టు మీది కాలర్, దాని లోపలి ఓ-రింగు కూడా చూడండి. ఉన్న బైకుల్లో ఆ ఓ-రింగు మర్చిపోతే కొత్త సీలు వేసినా కారుతుంది.

ఇలాగే ఎంతకాలం నడపొచ్చు?

తోక చెమ్మగా ఉండి, కింద చుక్క పడకపోతే వారానికోసారి మట్టం చూస్తూ నడపొచ్చు. నిలిపిన చోట చుక్కలు పడుతుంటే వాయిదా వేయొద్దు. మట్టం తగ్గిన గేరు బాక్సులో బేరింగులు ముందు పోతాయి. ఒక సందర్భంలో మాత్రం బండి కదపకూడదు: కొన్ని లారీలకు హ్యాండ్‌బ్రేకు డ్రమ్ము గేరు బాక్సు తోకకే ఉంటుంది. అక్కడ సీలు కారితే లైనింగు ఆయిల్‌లో నాని, ఘాటీలో నిలిపిన బండి ఆగదు. లైనింగు మార్చాకే రోడ్డెక్కండి.

పని అయ్యాక ఏం చూసుకోవాలి?

క్రాస్ నాలుగు చివరల నుంచీ కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టండి. 20 కి.మీ. నడిపి గుడ్డతో తుడిచి చూడండి. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాస్త కనిపిస్తుంది, తుడిచాక మళ్లీ రాకూడదు. 500 కి.మీ. తర్వాత ఫ్లాంజి బోల్టుల బిగింపు, ఆయిల్ మట్టం, డయల్ గేజ్ కొలత మరోసారి. ఆ కొలతను బిల్లు వెనక రాసి పెట్టుకోండి, వచ్చే సర్వీసులో షాఫ్టు ఎంత మారిందో దాన్ని బట్టే తెలుస్తుంది.